వెబ్‌సైట్లను భద్రపరిచే పనిలో ఉద్యోగం: డిగ్రీ తరువాత ఏ దారిన వెళ్లాలి?

ప్రశ్న: మానేరు ఒడ్డు

అందరికీ నమస్కారం. నేను ఈ సంవత్సరమే చరిత్ర, తెలుగు సాహిత్యం, కంప్యూటర్ అప్లికేషన్స్ ప్రధానాంశాలుగా బి.ఏ. పూర్తి చేశాను. మాది కరీంనగర్. నా ప్రశ్నకు మూలం మా ఇంట్లోనే ఉంది కాబట్టి ముందు ఆ సంగతి చెబుతాను.

మా మేనమామ 2003 నుంచి 2006 వరకు ఒక చిన్న జాలపత్రికలో పదకొండు కథలు రాశారు. ఆయన కాగితం మీద రాసే అలవాటు మానేసి నేరుగా కంప్యూటర్‌లోనే టైపు చేసేవారు గనుక రాతప్రతులు లేవు. ఆ కంప్యూటర్ ఎప్పుడో పాత సామాన్లవాడికి వెళ్లిపోయింది. పత్రిక నడిపినవారు డొమైన్ రుసుము కట్టడం మానేశాక ఆ చిరునామాలో ఇప్పుడు ఏదో జూదపు ఆట ప్రకటన కనిపిస్తోంది. వెబ్ పుటల పాత ప్రతులను దాచి చూపే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో వెదికితే ఏడు కథలు దొరికాయి. అయితే దొరికినవి కూడా చదవడానికి వీలుగా లేవు. తెలుగు ఉండవలసిన చోట చుక్కలూ టోపీలూ పెట్టిన యూరపు అక్షరాలు వరుసగా వస్తున్నాయి. మామయ్య వాటిని చూసి, "పోనీలేవే, నా పేరైనా ఇంగ్లీషులో ఉంది" అని నవ్వి ఊరుకున్నారు.

ఇలాంటి పుటలను ముందు తరాలకు దక్కేలా చూసే పనినే నేను జీవనోపాధిగా చేసుకోవాలనుకుంటున్నాను. ఇది ఒక వృత్తిగా ఉన్నదా, ఉంటే దానికి గ్రంథాలయశాస్త్రం చదవాలా లేక ప్రోగ్రామింగ్ వైపు వెళ్లాలా, మన దేశంలో ఇలాంటి ఉద్యోగాలు దొరుకుతాయా, లేక విదేశాల్లో చదువుకు అప్పు చేయక తప్పదా అన్నవి నా సందేహాలు. ఇంట్లో బ్యాంకు పరీక్షలకు కోచింగ్‌లో చేరమంటున్నారు. అందుకని ఉన్నది ఉన్నట్లు చెప్పగలరు.

జవాబు: పాత లంకెలు

మీ ప్రశ్న చదివి ఆగలేక రాస్తున్నాను. నేను ఎనిమిదేళ్లుగా ఇంగ్లండులో ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో సరిగ్గా ఈ పనే చేస్తున్నాను. దీనిని వెబ్ ఆర్కైవింగ్ అంటారు, వృత్తిగానే ఉంది. 1996లో బ్రూస్టర్ కాలే శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంటర్నెట్ ఆర్కైవ్‌ను స్థాపించిన సంవత్సరంలోనే ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం పండోరా పేరుతోనూ, స్వీడన్ జాతీయ గ్రంథాలయం తమ దేశపు వెబ్ మొత్తానికీ ఈ పనిని మొదలుపెట్టాయి. ఆస్ట్రేలియా వారు విలువైన సైట్లను ఒక్కొక్కటిగా ఏరుకున్నారు. స్వీడన్ వారు ఒకేసారి పెద్ద వల వేశారు. ఏరడమా, వల వేయడమా అన్న వాదం ఇప్పటికీ మా సమావేశాల్లో తెగదు. 2003లో పన్నెండు సంస్థలు కలిసి ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయంలో అంతర్జాతీయ సంఘం ఒకటి ఏర్పాటు చేసుకున్నాయి. బ్రిటన్‌లో 2013 ఏప్రిల్ నుంచి దేశపు వెబ్‌సైట్లను సేకరించే హక్కు చట్టప్రకారం ఆరు గ్రంథాలయాలకు ఉంది. సైటు యజమాని ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప, ఆ చట్టం కింద సేకరించిన ప్రతులను ఆ గ్రంథాలయాల పఠన మందిరాల్లో కూర్చునే చూడాలి.

రోజూ చేసే పని గురించి మీరు ఊహించుకుంటున్నదానికీ వాస్తవానికీ కొంత తేడా ఉంది. సేకరించవలసిన సైట్ల చిరునామాలను మేము సీడ్‌లు అంటాము. లంకె వెంట లంకె పట్టుకుని వెళ్లి పుటలను తానే తెచ్చే ప్రోగ్రామును క్రాలర్ అంటారు. ఒక్కొక్క సీడ్ నుంచి క్రాలర్ ఎంత దూరం వెళ్లాలి, ఏ లంకెలను వదిలేయాలి అని హద్దులు గీస్తాము. క్రాలర్ తెచ్చినదంతా వార్క్ అనే రూపంలో ఫైళ్లలో చేరుతుంది. అది 2009 నుంచి అంతర్జాతీయ ప్రమాణం. పుట పాఠంతో పాటు సర్వర్ ఏ సమయానికి ఏమని జవాబిచ్చిందో కూడా అందులో దాఖలవుతుంది. అసలు పని అక్కడి నుంచి మొదలవుతుంది. అసలు సైటును ఒక కిటికీలో, మన ప్రతిని పక్క కిటికీలో తెరిచి మెనూలు, బొమ్మలు, ధ్వని ఫైళ్లు ఒక్కొక్కటిగా నొక్కి చూస్తాము. నా సమయంలో సగం ఇందులోనే గడుస్తుంది.

చేరిన మొదటి ఏడాది నేను చేసిన పొరపాటు ఒకటి చెబుతాను. ఒక ఊరి చరిత్ర సంఘం సైటును శుక్రవారం సాయంత్రం సేకరణకు పెట్టి ఇంటికి వెళ్లిపోయాను. ఆ సైటులో కార్యక్రమాల క్యాలెండర్ ఒకటి ఉంది. దాని కింద "తరువాతి నెల" అనే లంకె ఉంటుంది గదా, మనిషైతే రెండు మూడు నెలలు చూసి ఆగుతాడు, క్రాలర్‌కు ఆ విచక్షణ ఎక్కడిది? సోమవారం వచ్చి చూస్తే అది 22వ శతాబ్దం దాటి ఖాళీ నెలలను శ్రద్ధగా కూడబెడుతోంది. నాకు కేటాయించిన పరిమితి అంతా ఆ ఖాళీ గళ్లకే ఖర్చయింది. ఆ ఊరి పాత వరదల ఫోటోల విభాగం వరకు క్రాలర్ చేరనే లేదు. మళ్లీ నా వంతు వచ్చే లోపల ఆ సంఘం సైటును మార్చేసింది. హద్దులు గీయడం అన్నది యాంత్రికమైన చిన్న పని అని అప్పటి నుంచి ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

చదువు విషయానికి వస్తే, ఇక్కడ ఉద్యోగ ప్రకటనల్లో సాధారణంగా ఆర్కైవ్స్ లేదా గ్రంథాలయశాస్త్రంలో పీజీ అడుగుతారు. కానీ పోస్టులు తక్కువ, ఎక్కువ భాగం ఏడాది రెండేళ్ల కాంట్రాక్టులు. నేనే మూడు కాంట్రాక్టులు మారాను. కేవలం ఈ ఒక్క ఉద్యోగం కోసం అప్పు చేసి ఇక్కడికి రమ్మని నేను చెప్పలేను. డిజిటల్ ప్రిజర్వేషన్ కోయలిషన్ వారి ప్రాథమిక ఆన్‌లైన్ పాఠాలు, పైన చెప్పిన అంతర్జాతీయ సంఘం వారి శిక్షణ సామగ్రి మీ ఇంట్లో కూర్చునే చదువుకోవచ్చు, వాటితో మొదలుపెట్టండి.

జవాబు: బీచ్‌రోడ్డు గ్రంథపాలకుడు

అమ్మా, నేను విశాఖపట్నంలో ముప్పై ఏళ్లు విశ్వవిద్యాలయ గ్రంథాలయ సర్వీసులో ఉండి పదవీ విరమణ చేసినవాడిని. ఇన్నేళ్లలో మన రాష్ట్రాల్లో "వెబ్ ఆర్కైవిస్ట్" అన్న హోదాతో ఒక్క ఉద్యోగ ప్రకటన కూడా నా కంట పడలేదు. ఆ మాట ముందే చెప్పడం ధర్మం.

దానికి కారణం చట్టంలో ఉంది. మన దేశంలో ప్రచురణకర్తలు పుస్తకాల ప్రతులను కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై కన్నెమరాకూ, ముంబయి, ఢిల్లీ గ్రంథాలయాలకూ పంపాలని 1954 చట్టం చెబుతుంది. 1956లో దానిలో వార్తాపత్రికలను చేర్చారు. వెబ్‌సైటు ఆ నిర్వచనంలోకి రాదు. కాపీరైటు చట్టానికి 2012లో వచ్చిన సవరణ గ్రంథాలయాలకు ఒక మినహాయింపునిచ్చి, లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం ఒక రచనను భద్రపరచడం కోసం ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవచ్చునని అన్నది. అయితే ఆ రచన కాగితపు ప్రతి వంటిది ఏదో ఒకటి ఆ గ్రంథాలయంలో ముందే ఉండాలని షరతు పెట్టింది. మీ మామయ్యగారి కథలకు కాగితమే లేదు గదా, ఇక ఆ మినహాయింపు వాటికి ఎలా వర్తిస్తుంది? పుస్తకాన్ని దృష్టిలో పెట్టుకొని రాసిన వాక్యం అది. పుట్టుకతోనే తెర మీద పుట్టిన రచన వారి ఊహకు వచ్చినట్లు లేదు.

అలాగని నిరాశపడనక్కర లేదు. ఈ పనికి దగ్గరగా ఉండే పనులు వేరే పేర్లతో ఉన్నాయి. ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ అయిన పుణె సీడాక్‌లో డిజిటల్ సమాచారాన్ని దీర్ఘకాలం భద్రపరచడం మీద ప్రత్యేక కేంద్రం పెట్టారు. ఖరగ్‌పూర్ ఐఐటీ జాతీయ డిజిటల్ గ్రంథాలయాన్ని నడుపుతోంది. గాంధీనగర్‌లో విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను కలిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం ఉంది. ఇటువంటి చోట్ల ప్రాజెక్టు అసిస్టెంటు, టెక్నికల్ అసిస్టెంటు వంటి పేర్లతో ప్రకటనలు వచ్చినప్పుడు హోదా పేరు చూసి వదిలేయకుండా పని వివరం కూడా చదవండి. వాటికి గ్రంథాలయశాస్త్రం డిగ్రీ ఉంటే తలుపు తెరుచుకుంటుంది, లేకపోతే దరఖాస్తు గుమస్తా బల్ల మీదే ఆగిపోతుంది. బెంగళూరులో ఎస్.ఆర్. రంగనాథన్‌గారు 1962లో స్థాపించిన డాక్యుమెంటేషన్ కేంద్రం ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో భాగంగా ఉంది. అక్కడి రెండేళ్ల ఎం.ఎస్. కోర్సులో గ్రంథాలయశాస్త్రమూ కంప్యూటర్ విద్యా కలిసి ఉంటాయి. మీకున్న ప్రధానాంశాలకు అది చక్కగా అతుకుతుంది. ఉస్మానియాలోనూ మా ఆంధ్రా యూనివర్సిటీలోనూ కూడా ఈ శాఖలు ఉన్నాయి. ఆ తరువాత యూజీసీ నెట్ రాసి పెట్టుకుంటే అసిస్టెంట్ లైబ్రేరియన్ పోస్టులకు అర్హత వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లకు చూపించడానికి కూడా అది ఒక ఆధారం.

నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నేను పనిచేసిన ఒకచోట వెబ్‌సైటును కొత్తగా తయారుచేయించినప్పుడు, "పాతది తీసేయమంటారా సార్?" అని కాంట్రాక్టరు కుర్రవాడు అడిగితే, తీసేయమని సంతకం పెట్టినవాడిని నేనే. పదేళ్ల సెమినార్ ప్రకటనలు, పరిశోధక విద్యార్థుల వైవా నోటీసులు, ఆచార్యుల ఉపన్యాసాల సారాంశాలు అందులో ఉండేవి. పాత రిజిస్టరు ఒక్కటి చెదలు పట్టిందంటే విచారణ వేసే మేము, అదంతా ఒక మధ్యాహ్నంలో పోతే ఎవరమూ గమనించలేదు. రెండేళ్ల తరువాత ఒక విద్యార్థిని తన వైవా తేదీకి రుజువు అడిగితే అప్పుడు తెలిసింది.

జవాబు: గచ్చిబౌలి రాత్రి షిఫ్టు

పెద్దలతో వాదించాలని కాదు గాని, డిగ్రీ తెరిచే తలుపులు కాకుండా వేరే తలుపులు కూడా ఉన్నాయని చెప్పాలి. నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీరును. తీరిక వేళల్లో వెబ్ ఆర్కైవింగ్ పరికరాల మీద పనిచేస్తాను. ఈ రంగంలో వాడే పరికరాల్లో ఎక్కువ భాగం ఓపెన్ సోర్సువి, అంటే వాటి కోడ్‌ను ఎవరైనా చూసి మార్చవచ్చు. హెరిట్రిక్స్ అనే పెద్ద క్రాలర్‌ను ఇంటర్నెట్ ఆర్కైవ్, నార్డిక్ దేశాల గ్రంథాలయాలతో కలిసి తయారుచేసింది; అది జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో ఉంటుంది. అయితే కిందికి జరుపుతున్న కొద్దీ జావాస్క్రిప్టుతో పుట్టుకొచ్చే నేటి పుటలు దానికి సరిగా చిక్కవు కాబట్టి, నిజమైన బ్రౌజర్‌నే నడిపించి సేకరించే బ్రౌజర్‌ట్రిక్స్ వంటివి వచ్చాయి. వీటిలో ఒక చిన్న లోపాన్ని సరిచేసి పంపినా మీ పేరు, మీ పని అందరికీ కనిపిస్తాయి.

సాధన కోసం మీకు ఎవరి అనుమతీ అక్కరలేదు. కామన్ క్రాల్ అనే సంస్థ తన సేకరణలను వార్క్ ఫైళ్లుగా అందరికీ ఉచితంగా ఇస్తుంది. దాని సూచికలో ప్రతి పుట ఏ భాషలో ఉన్నదో కూడా గుర్తించి ఉంటుంది గనుక తెలుగు పుటలను మాత్రమే వడకట్టి తీసుకోవచ్చు. పైథాన్‌లో వార్క్ ఫైలును విప్పి చదవడం ఒక వారాంతపు పని.

ఇక మీ మామయ్యగారి కథల సంగతికి వస్తాను, నాకు అదే ముఖ్యంగా తోచింది. మీకు కనిపిస్తున్నది చెడిపోయిన పాఠం అనుకోకండి. ప్రతి భాష అక్షరానికీ కంప్యూటర్‌లో సొంత సంఖ్యనిచ్చే యూనికోడ్ పద్ధతి వ్యాప్తిలోకి రాకముందు తెలుగు సైట్లు ఒక ఉపాయం చేసేవి. ఫాంటులో లాటిన్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను, అంటే తలకట్టును, గుడిని, వత్తును, సగం అక్షరాన్ని, కూర్చోబెట్టేవారు. కంప్యూటర్‌కు అది యూరపు అక్షరమే, కంటికి మాత్రం తెలుగు. ఆ ఫాంటును పాఠకుడు దించుకోవాలి, లేదా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ దానిని పుటతో పాటు తానే తెచ్చుకునేది. ఫాంటు లేనప్పుడు తెర వెనుక ఉన్న యూరపు అక్షరాలు బయటపడతాయి. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు తగిలించుకునే పద్మ అనే పొడిగింపు (ఎక్స్‌టెన్షన్) ఇలాంటి పుటలను యూనికోడ్‌లోకి మార్చి చూపేది. 2017లో ఫైర్‌ఫాక్స్ పాత తరహా పొడిగింపులన్నిటినీ ఆపేసింది.

వేబ్యాక్ చిరునామాలో సంవత్సరం నుంచి సెకండ్ల వరకు పద్నాలుగు అంకెల కాలముద్ర ఉంటుంది. దాని చివర ఐ, డి అక్షరాలూ ఒక అండర్‌స్కోరూ చేర్చి తెరిస్తే, ఆర్కైవ్ వారు చేర్చిన మార్పులేవీ లేకుండా అసలు ఫైలు వస్తుంది. అందులో ఫాంటు పేరు, ఫాంటు ఫైలు చిరునామా ఉన్నాయేమో చూడండి. ఆ ఫాంటు ఫైలు వేరే తేదీన సేకరణలో పడి ఉండవచ్చు. వేబ్యాక్ చూపించే ఒకే పుటలో పాఠం ఒక ఏడాదిది, బొమ్మ మూడేళ్ల తరువాతది కావడం మామూలే.

ప్రశ్న అడిగినవారి స్పందన: మానేరు ఒడ్డు

మూడు వారాల తరువాత రాస్తున్నందుకు మన్నించండి. గచ్చిబౌలి గారు చెప్పినట్లే చేశాను. కథల పుటలు 2004లో సేకరించినవి. వాటిలో పేర్కొన్న ఫాంటు ఫైలు మొదటిసారి 2005లో సేకరణకు దొరికింది. దానిని ఫాంటు ఎడిటర్‌లో తెరిచి ఏ స్థానంలో ఏ ముక్క ఉన్నదో కాగితం మీద పట్టిక వేసుకున్నాను. పట్టిక వేయడం సులువుగానే జరిగింది, చిక్కంతా క్రమంలో వచ్చింది. ఆ ఫాంటులో "మ" ఒక్క అక్షరంగా లేదు. వకారం లాంటి ముక్క పక్కన కొమ్ము గీత పెట్టి "మ" చేశారు. "వు" రాయడానికి కొమ్మును కింద తగిలించే వేరే ముక్క ఉంది. చిన్నప్పుడు పలక మీద ఈ రెండింటికీ తేడా చూపించడానికి మా టీచరమ్మ ఎందుకంత అవస్థ పడిందో ఇప్పుడు అర్థమైంది. "క్ర", "ప్ర" వంటి చోట్ల క్రావడి ముక్క అక్షరం కంటే ముందే టైపు అయి ఉంది, యూనికోడ్‌లో అది తరువాత రావాలి. ఆ ఒక్క నియమం సరిపడే వరకు ప్రతి "ప్రేమ" విరిగిపోయే వచ్చింది.

ఏడు కథలూ ఇప్పుడు చదవగలిగేలా ఉన్నాయి. నిన్న రాత్రి మామయ్యకు మొదటి కథ ఫోనులో చదివి వినిపించాను. మూడో పేరా దగ్గర ఆపి, "అక్కడ మాట అది కాదు, చూడు" అన్నారు. చూస్తే పట్టికలో ఒక వత్తును నేనే తప్పుగా గుర్తించాను.

జవాబు: పాత లంకెలు

మీరు చేసిన పనినే పూర్తిగా రాసి పెట్టండి. పట్టిక, నియమాలు, ఎక్కడ పొరబడ్డారో, మామయ్యగారు ఎలా పట్టుకున్నారో కూడా రాయండి. నేను ఉద్యోగ ఎంపిక కమిటీలలో కూర్చున్నాను. పరికరాల పేర్ల జాబితా ఉన్న దరఖాస్తులు చాలా వస్తాయి, ఒక పుటను విరిగిన చోటు నుంచి చదివే స్థితికి తెచ్చినవారు అరుదుగా వస్తారు. మా దగ్గరే 1990ల చివరి నుంచి 2000ల మధ్య వరకు సేకరించిన భారతీయ భాషల పుటలు ఇదే స్థితిలో ఉన్నాయి, వాటిని చూసి ఇది తెలుగా, కన్నడమా అని కూడా చెప్పగలిగినవారు మా విభాగంలో నేను ఒక్కడినే.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. యూనికోడ్‌లోకి మార్చినది మీ ప్రతి మాత్రమే, దానితో అసలును చెరపవద్దు. అసలు ఫైలు, ఫాంటు, మార్పిడి పట్టిక, మార్చిన పాఠం నాలుగూ విడివిడిగా, తేదీలతో ఉంచండి. మీ పట్టికలో తప్పున్నదని ఇరవై ఏళ్ల తరువాత ఎవరైనా గుర్తిస్తే వారికి వెనక్కి వెళ్లే దారి ఉండాలి.

దొరకని నాలుగు కథల కోసం పాత ఈమెయిళ్లు వెదకమనండి. ఆ రోజుల్లో రాసినవారు స్నేహితులకూ యాహూ గ్రూపులకూ కూడా పంపేవారు. గ్రూపులలోని సందేశాలను యాహూ 2019 డిసెంబరులో తొలగించింది గాని, సభ్యుల సొంత పెట్టెల్లోకి వచ్చిన ఉత్తరాలు అక్కడే ఉండిపోయి ఉండవచ్చు.

జవాబు: బీచ్‌రోడ్డు గ్రంథపాలకుడు

పై సలహాతో నేను ఏకీభవిస్తాను. బెంగళూరు ప్రవేశ పరీక్ష ప్రకటన కోసం వారి సైటును గమనిస్తూ ఉండమ్మా. ఈలోగా మీ జిల్లా గ్రంథాలయంలో ఎవరితోనైనా మాట్లాడి, కరీంనగర్ వారి బ్లాగులు, సాహిత్య సంస్థల సైట్లు ఏవేవి ఇంకా బతికి ఉన్నాయో ఒక జాబితా తయారుచేయగలవేమో చూడు. ఏది దాచదగినదో తేల్చడానికి ఊరు తెలిసినవాళ్లు కావాలి. ఫేస్‌బుక్ గుంపుల్లోకి వెళ్లిపోయిన సాహిత్యం లాగిన్ గోడ వెనుక ఉంటుంది కాబట్టి దాని జోలికి ఇప్పుడే పోవద్దు.

ప్రశ్న అడిగినవారి స్పందన: మానేరు ఒడ్డు

జాబితా మొదలుపెట్టాను, ఇప్పటికి నలభై మూడు చిరునామాలు వచ్చాయి, వాటిలో పంతొమ్మిది తెరుచుకోవడం లేదు. మామయ్య స్నేహితుడొకరు తమ పాత ఈమెయిలులో ఒక కథను వెదికి పంపారు. అది ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతిలో ఉంది గనుక దీనికి పట్టిక అవసరం పడలేదు. మిగిలిన మూడు దొరకలేదు. ఇంట్లో మాట్లాడాను, బ్యాంకు కోచింగ్ రుసుము ఇంకా కట్టలేదు కాబట్టి బెంగళూరు పరీక్ష రాసి చూడమన్నారు.